అత్తగారికి గంటకో కబురు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, సీసాల మీద అంటించే లేబుళ్ళు అచ్చువేసే ఆ ప్రెస్సులో అది గుర్తున్నవాళ్ళు ఎవరూ లేరు. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పైగదిలో మేనేజరమ్మ దాకా అందరికీ ఆమె కంగారమ్మే. ఎదురుపడితే మాత్రం 'మేడమ్' అంటారు. అలా అనేటప్పుడు పెదవి చివర నవ్వు ఒకటి ఆగి ఉంటుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

పేరు ఊరికే రాలేదు. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కివచ్చి లాగి చూసే జాతి ఆమెది. బస్సెక్కాక టికెట్టు ఉందో లేదోనని సంచీ అంతా వెతుకుతుంది, టికెట్టేమో చేతిలోనే నలుగుతూ ఉంటుంది. మెయిల్ పంపాక అందిందా అని ఫోన్ చేస్తుంది, ఆ ఫోన్‌లో తన మాట వినపడుతోందా అని మధ్యమధ్యలో అడుగుతుంది. ఇలాంటి మనిషికి దేవుడు ఏ ఉద్యోగం ఇవ్వాలో సరిగ్గా అదే ఇచ్చాడు. ప్రెస్సులో ఉన్న లినక్స్ కంప్యూటర్లు ఆగిపోకుండా చూసుకోవడం ఆమె పని.

ఉద్యోగానికి పనికొచ్చిన గుణమే ఇంట్లో కొంప ముంచింది. అత్తగారు వాళ్ళతో ఉండటానికి వచ్చిన కొత్తలో, ఆవిడా, కొడుకూ, కోడలూ ముగ్గురూ కలిసి ఎక్కడికో బయలుదేరారు. "స్టవ్ కట్టేశానమ్మాయ్, పద" అన్నారు అత్తగారు. "సరే అత్తయ్యా" అంటూనే కంగారమ్మ వంటింట్లోకి వెళ్ళి చూసివచ్చింది. చెప్పులేసుకుని మళ్ళీ వెళ్ళింది. వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పరుగున వెనక్కి వచ్చి మళ్ళీ చూసింది. ఆమె తిరిగి వచ్చేసరికి అత్తగారు మలుపులో లేరు. ఇంటికొచ్చేసి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముగ్గురు కొడుకులకి వండిపెట్టి, ఎన్నడూ స్టవ్ మరిచిపోని మనిషి ఆవిడ. "నా మాటకి ఈ ఇంట్లో ఇదన్నమాట విలువ" అని ఊరుకున్నారు.

ఊరుకోవడమంటే మామూలుగా కాదు. ఆ రోజు నుంచి నడిపికోడలైన కంగారమ్మతో ఆవిడ నేరుగా మాట్లాడింది లేదు. కోడలు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, మాట కొడుకు మీదుగా ప్రయాణం చేసి రావలసిందే. "ఒరేయ్, మీ ఆవిడకి చెప్పు, పాలు పొంగుతున్నాయని." ఆయన మెడ తిప్పి చెప్పేలోపు పాలు పొంగిపోయేవి. కొడుకు ఇంట్లో లేనప్పుడు ఆవిడ ఫ్రిజ్‌తో చెప్పుకునేవారు. అటూ ఇటూ రాయబారాలు మోసి మోసి ఆ మానవుడు చిక్కి సగమయ్యాడు.

వినేవాళ్ళకి నవ్వొస్తుంది. కంగారమ్మకి మాత్రం నవ్వు రాలేదు. ఆమెది తల్లి లేకుండా పెరిగిన ప్రాణం. అత్తగారు వచ్చి తమతో ఉంటారంటే కిటికీలకి కొత్త తెరలు కుట్టించి మరీ ఎదురుచూసింది. ఆవిడ నోటి నుంచి తనకోసమే ఒక్క మాట రావాలని, అది తిట్టయినా ఫరవాలేదని, ఆమె ఎంత తపించిందో ఆమెకే తెలుసు. పోనీ తనే పలకరించవచ్చు కదా అంటే, నోరు పెగిలేది కాదు. ఆమెకు అడగడం చేతకాదు, చూడటమే చేతనవును. అత్తగారు మందు వేసుకున్నారా అని మాత్రల రేకు చూసేది. భోంచేశారా అని సింకులో కంచం చూసేది. వెనకనుంచి ఆవిడ ఈ తనిఖీని చూసేవారు. మంట ఇంకొంచెం పెరిగేది.

ఇక ప్రెస్సు సంగతికొద్దాం. అక్కడ అచ్చుపని నడిపే లినక్స్ యంత్రాలు మూడు, తలోచోట ఉండేవి. కంగారమ్మ రోజంతా ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి తిరుగుతూ, దేనిమీద ఎంత లోడ్ ఉంది, మెమరీ ఎంత మిగిలింది, డిస్కులో చోటుందా అని చూస్తూ ఉండేది. ఒకసారి కింద ఉన్నదాన్ని చూస్తుండగా పైన ఉన్నది కన్నుమూసింది. మేనేజరమ్మ పిలిచి, "నువ్వు తిరగడం ఆపు. అన్నిటినీ ఒకచోటనుంచి కనిపెట్టే ఏర్పాటు చెయ్యి. ఆగిపోయాక నువ్వొచ్చి చెప్పడం కాదు, ఆగేముందే నా ఫోన్‌కి మెసేజ్ రావాలి" అంది.

ఆ ఏర్పాటుకి ఒక సర్వర్ కావాలి. మూడు యంత్రాల్లోనూ తలో చిన్న ప్రోగ్రామ్ ఉండాలి, దాన్ని క్లయింట్ అంటారు. కంగారమ్మ ఈ ముక్క ఫోర్‌మన్‌కి చెప్పబోయింది. ప్రెస్సులో ఆయనకి అర్థం కాకుండా ఒక వైరు కూడా కదలదు.

"క్లయింటంటే మన జాం కంపెనీవాళ్ళు కదమ్మా" అన్నాడాయన. "వాళ్ళ లోడ్ మనకెందుకు?"

కంగారమ్మ తల పట్టుకుంది. చివరికి, "అత్తాకోడళ్ళనుకోండి" అంది. "అత్తగారు ముందుగదిలో కూర్చుని ఉంటారు. ముగ్గురు కోడళ్ళు తలోచోట పని చేస్తుంటారు. నిమిషానికోసారి అత్తగారు అడుగుతారు, ఏం చేస్తున్నావు, ఎంత పనుంది, ఇంకా ఓపికుందా అని. కోడలు జవాబు చెప్పాలి. చెప్పకపోయినా, చేతకావట్లేదని చెప్పినా, ఇంటి యజమానికి కబురు వెళ్తుంది."

"మరి కోడలి దగ్గర కూర్చునే ఆ చిన్న ప్రోగ్రామ్?"

"ఆడపడుచు. అక్కడే ఉండి, అన్నీ చూసి, అత్తగారికి మోస్తుంది."

"ఇంత సులువైనదాన్ని అంత కష్టంగా ఎందుకు చెప్తారో మీరు" అని ఫోర్‌మన్ సంతృప్తిగా వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ప్రెస్సంతా అవే పేర్లు. కంగారమ్మ కూడా స్క్రీన్ మీద అవే ఉంచేసింది. కనిపెట్టే సర్వర్ అత్తగారు. అన్నిటికంటే పాతదై, పిలిచిన చాలాసేపటికి గానీ పలకనిది పెద్దకోడలు. ఫ్యాను గోలతో ఎప్పుడూ సెగలు కక్కేది చిన్నకోడలు. బొమ్మలన్నీ సరిచేసి అచ్చుకు పంపే, అన్నిటికంటే ఎక్కువ చాకిరీ చేసే యంత్రం నడిపికోడలు. అత్తవారింట్లో తను కూడా నడిపికోడలే కాబట్టి, ఈ పంపకంలో స్వార్థం లేదని మనం అనలేం.

మామూలు మనిషైతే అక్కడితో ఆగేది. కంగారమ్మకి ఇంకో అనుమానం వచ్చింది. కోడళ్ళని అత్తగారు కనిపెడతారు, సరే. కబుర్లు వెళ్ళే దారే పూడుకుపోతే? అందుకని ఆఫీసు వేళల్లో గంటకోసారి నడిపికోడలు ఊరికే ఒక పలకరింపు పంపేలా పెట్టింది. ఏం రాయాలో తోచక, ఆ క్షణాన నవ్వొచ్చి, 'అత్తగారూ, ఎలా ఉన్నారు? ఇట్లు, నడిపికోడలు' అని రాసింది. తర్వాత సెట్టింగులలో 'కబుర్లు ఎవరికి చేరాలి' అన్నచోట 'అత్తగారు' అని కొట్టింది. అన్నీ ముందు సర్వర్‌కి చేరితే, అందులో ముఖ్యమైనవి అక్కడినుంచి మేనేజరమ్మకి వెళ్తాయని ఆమె లెక్క.

కొంప మునిగింది ఇక్కడే. నంబర్లు చేత్తో కొడితే ఎక్కడ తప్పు పోతుందోనని, తన ఫోన్‌లో ఉన్న పేర్లూ నంబర్లూ మొత్తం ఆమె అంతకుముందే ఆ ప్రోగ్రామ్‌లోకి ఎక్కించింది. ప్రోగ్రామ్‌కి వావివరసలు తెలియవు. అత్తగారు ఎవరా అని వెతికింది. ఫోన్‌లోంచి ఎక్కించిన పేర్లలో శుభ్రంగా దొరికారు. ఇక గంటగంటకీ పలకరింపూ, మధ్యలో వచ్చే హెచ్చరికలూ, అన్నీ ఇంట్లో కుర్చీలో కూర్చున్న అసలు అత్తగారికే వెళ్ళడం మొదలైంది. కంగారమ్మ ఆ గడిని ఒకటికి మూడుసార్లు చూసుకుంది. మూడుసార్లూ 'అత్తగారు' అనే ఉంది. స్క్రీన్ మీద పచ్చదీపం, పక్కన 'పంపాను' అన్న మాట. జీవితంలో మొదటిసారి ఆమె నిశ్చింతగా ఇంటికి బయలుదేరింది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే అత్తగారు, "వచ్చావా అమ్మాయ్. చేతులు కడుక్కునిరా, భోంచేద్దువుగాని" అన్నారు.

కంగారమ్మ వెనక్కి తిరిగి చూసింది. భర్త లేడు. ఫ్రిజ్ కేసి చూసింది. అది వంటింట్లో, ఆ మాటలకి అందనంత దూరంలో ఉంది. ఎవరైనా పోయారేమో, ఆ వార్త మెల్లిగా చెప్పబోతున్నారేమో అనుకుంది. ఎవరూ పోలేదు. అత్తగారు వడ్డించారు, ఇంకొంచెం వేసుకోమన్నారు, ఆఫీసులో పని ఎక్కువగా ఉందా అని అడిగారు. ఆ పూట కంగారమ్మ ఏం తిన్నదో ఆమెకి తెలియదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నక్కను తొక్కివచ్చినట్టుంది ఆమె అదృష్టం. కారణం వెతికితే ఎక్కడ చెదిరిపోతుందోనని, అన్నిటినీ తవ్వి చూసే ఆ మనిషి ఈ ఒక్కదాన్ని తవ్వకుండా వదిలేసింది. కింది వాటాలో దర్జీపని చేసే ఆవిడ ఒకరోజు మెట్లమీద ఆపి, "మీరు గంటగంటకీ అడుగుతారటగా, మీ అత్తగారు చెప్పారు. మా కోడలికి నేను ఫోన్ చేసినా ఎత్తదు" అంది. తన చాదస్తాన్ని వెక్కిరిస్తోందనుకుని కంగారమ్మ తలవంచుకుని మెట్లెక్కింది.

హెచ్చరికలు చేసిన చోద్యం వేరే ఉంది. 'చిన్నకోడలు బాగా వేడెక్కింది, వెంటనే చల్లబరచండి' అని ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. అత్తగారు చిన్నకోడలికి ఫోన్ చేసి, "అమ్మా, ఆవేశం మంచిది కాదు. రెండు గుక్కలు మంచినీళ్ళు తాగి మాట్లాడు" అన్నారు. ఆ పిల్ల సరిగ్గా అప్పుడే మొగుడితో హోరాహోరీగా పోట్లాడుతోంది. ఈవిడకెలా తెలిసిందా అని నోరు మూతపడిపోయింది, ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో గొంతు పెంచలేదు. 'పెద్దకోడలు ఎంత పిలిచినా పలకడం లేదు' అని ఇంకోసారి వచ్చింది. అది చదివి అత్తగారు, "ఇందులో వింతేముంది" అని ఫోన్ పక్కన పెట్టేశారు.

ఒకరోజు పొద్దున ఫోర్‌మన్ ఒక లేబుల్ పట్టుకుని వచ్చాడు. జాం సీసాది. పండు బొమ్మ పైసగం ఉంది, కిందిసగం తెల్లకాగితం. అలాంటివి అప్పటికే గుట్ట పడ్డాయి. నడిపికోడలి డిస్కు నిండిపోయి, బొమ్మ సగమే రాసుకుని ఆగిపోయింది.

మేనేజరమ్మ లేబుల్‌ని బల్లమీద పెట్టింది. "ఆగేముందు మెసేజ్ వస్తుందన్నావు. ఏది?"

"వెళ్ళింది మేడమ్. పచ్చదీపం ఉంది."

"ఎవరికి వెళ్ళింది?"

ఆ ప్రశ్న కంగారమ్మకి అంతవరకూ తట్టలేదు. కిందికి పరిగెత్తి, పంపిన కబుర్లు తెరిచి చూసింది. నంబరు చూడగానే గుర్తుపట్టింది, నెలనెలా దానికి రీచార్జి చేసేది తనే. ఆఖరున వెళ్ళిన హెచ్చరిక, 'నడిపికోడలికి చోటు చాలడం లేదు, పాతవి తీసేయండి.' అంతకుముందు వరసగా పలకరింపులు. వాటికి తిరుగు జవాబులు కూడా వచ్చి పడివున్నాయి. ఆ కంప్యూటర్ పెట్టెకి జవాబులొస్తాయని ఎవరనుకుంటారు?

'బాగున్నానమ్మా. నువ్వు తిన్నావా.'

'ఇందాకే చెప్పాను కదా, బాగున్నాను. ఎండగా ఉంది, గొడుగు తీసుకెళ్ళావా.'

'మోకాలు కొంచెం పట్టేసింది. వాడికి చెప్పకు.'

'ఇంత పనిలో నన్నెలా గుర్తుపెట్టుకుంటున్నావో తెలియడం లేదు.'

కంగారమ్మ అక్కడ చదవడం ఆపేసింది. ఇన్నాళ్ళూ అత్తగారు వడ్డించడం, పిలవడం, నవ్వడం, అదంతా ఈ యంత్రం సంపాదించి పెట్టింది. తను ఒక్క మాట అడిగింది లేదు. నిజం చెబితే మళ్ళీ ఫ్రిజ్‌తో మాటలు. చెప్పకపోతే?

చెప్పకపోతే ఏమీ కాదు, అదీ చిక్కు. హెచ్చరికలు మేనేజరమ్మకి మార్చేసి, పలకరింపు ఒక్కదాన్నీ అత్తగారి నంబరుకి అలాగే ఉంచేస్తే చాలు. సెట్టింగులలో ఒక్క వరస తేడా. ఆమె అంతపనీ చేసింది. డిస్కులో పాతవి తీసేసి చోటు చేసింది, హెచ్చరికలు మార్చింది, పలకరింపు మాత్రం ముట్టుకోలేదు. దొంగతనం చేసిన మనిషిలా చుట్టూ చూసింది. సాయంత్రం ఇంటికి బయలుదేరింది.

ఇంట్లో పడకగది బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అత్తగారివి ఉండే అరలు రెండూ ఖాళీ. ఆవిడ చీరలన్నీ మడతపెట్టి, మంచం కింద పెట్టె ఒకటి బయటికి లాగి, అందులో కుక్కుతున్నారు.

"చోటు చాలడం లేదని నోటితో అడగొచ్చు కదమ్మా" అన్నారు అత్తగారు తలెత్తకుండా. "ఫోన్‌లో రాయాలా? పాతవన్నీ తీసేశాను. నీవి సర్దుకో. నేను కట్టేవెన్ని, నాలుగు చీరలు. ఈ పెట్టె చాలు."

ఎక్కడికో వెళ్ళిపోతున్నారనుకున్న కంగారమ్మకి ప్రాణం లేచివచ్చింది. వెంటనే ఆ వచ్చిన ప్రాణం సిగ్గుతో చచ్చింది. ఆ చీరల పక్కనే నేలమీద కూలబడి, మొత్తం చెప్పేసింది. సర్వర్ అన్నది, క్లయింట్లన్నది, ఆడపడుచన్నది, గడిలో రాసిన పేరన్నది, పొద్దున పలకరింపుని తీయకుండా వదిలేశానన్నది, అన్నీ. చెబుతున్నంతసేపూ అత్తగారు ఒకే చీర మడత విప్పి, పెట్టి, విప్పి, పెట్టారు.

"అయితే అడిగింది నువ్వు కాదు."

"కాదత్తయ్యా."

"పెట్టె."

"పెట్టే."

అప్పుడే ఆఫీసునుంచి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడ్డాడు. అత్తగారు కోడల్ని దాటి అతనికేసి చూశారు. "ఒరేయ్, మీ ఆవిడకి చెప్పు, ఆ పెట్టెలోంచి నా నంబరు తీసెయ్యమని" అన్నారు. అతని మొహం చూస్తే, పదవీ విరమణ చేసినవాణ్ణి మళ్ళీ డ్యూటీకి పిలిచినట్టుంది.

మర్నాడు ప్రెస్సుకి వెళ్ళగానే కంగారమ్మ ఆ నంబరు తీసేసింది. గంట అయింది. ఏ పలకరింపూ వెళ్ళలేదు. ఇంకో గంట అయింది. యంత్రాలన్నీ బాగున్నాయి, లోడ్ తక్కువ, చోటు బోలెడు, దీపాలన్నీ పచ్చగా ఉన్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకి ఒళ్ళుమండింది. ఊళ్ళో పెట్టెలన్నిటినీ ఎలా ఉన్నావని అడగడానికి తనకి చేతనవుతుంది గానీ, ఒక్క మనిషిని అడగడానికి చేతకాదా? ఫోన్ తీసింది. రాసింది, చెరిపింది. ఎంత రాసినా ఆ పెట్టె రాసిన మాటే వచ్చింది. అంతకంటే మంచి మాట లేదు మరి. కళ్ళు మూసుకుని పంపేసింది.

'అత్తయ్యా, ఎలా ఉన్నారు?'

చాలాసేపటికి జవాబొచ్చింది. 'పెట్టెవా, కోడలివా?'

'నేనే అత్తయ్యా.'

'నమ్మకమేంటి?'

అన్నిటినీ తిరగేసి తిరగేసి చూసే మనిషికి, తనని తాను రుజువు చేసుకోవలసిన రోజు వచ్చింది. కంగారమ్మకి ఏ రుజువూ తోచలేదు. తోచింది రాసేసింది. 'చేతులు వణుకుతున్నాయి. ఇందాకట్నుంచి రాసి చెరుపుతున్నాను. మీరు మళ్ళీ మాట్లాడకపోతే నేనేం చెయ్యాలో నాకు తెలియడం లేదు. ఈ మెసేజ్ వచ్చిందా? వస్తే చెప్పండి. సగం వచ్చినా చెప్పండి.'

'నువ్వే' అని వచ్చింది. దాని వెనకే ఇంకోటి. 'గంటకోసారి వద్దు. మాటిమాటికీ కళ్ళజోడు వెతుక్కోలేక చస్తున్నాను. ఇంటికొచ్చి అడుగు.'

సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. మధ్యలో భర్త నిలబడి ఎవరి మాట ముందు మోయాలా అని సిద్ధంగా ఉన్నాడు. అత్తగారు అతన్ని చేత్తో పక్కకి జరిపారు.

కంగారమ్మ చేతిసంచీ కూడా దించలేదు. "అత్తయ్యా" అంది, ఆగింది, మళ్ళీ అంది, "ఎలా ఉన్నారు?"

"ఆ ఒక్క మాటకి ఇంత చెమటా" అన్నారు అత్తగారు. "కుర్చీ తెచ్చుకో. నిలబడి వినే సంగతులు కావు."

కోడలు కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అత్తగారు కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, కాలి బొటనవేలి నొప్పి దగ్గర మొదలుపెట్టారు.